పాటతో పాటు సూది కూడా



గ్రహాంతరవాసులు మొదటిసారి పాట విని ఆశ్చర్యపోయే కార్టూన్ కథలంటే పిల్లలకు ఇష్టం. శాస్త్రజ్ఞులు అలాంటి కథకు నిజంగానే ఏర్పాటు చేశారు. 1977లో నాసా పంపిన రెండు వాయేజర్ నౌకల్లోనూ బంగారు పూత వేసిన రాగి రికార్డు ఉంది. అందులో 55 భాషల పలకరింపులున్నాయి, మన తెలుగుతో సహా. దాదాపు 90 నిమిషాల సంగీతమూ ఉంది. అందులో కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి ఒకటి. వాయేజర్-1 బయలుదేరిన 11 రోజులకే ఆమె కన్నుమూశారు. ఆమె గొంతు మాత్రం నక్షత్రాల మధ్య ఇంకా ప్రయాణిస్తూనే ఉంది.

ఆ శాస్త్రజ్ఞులు రికార్డుతో పాటు సూదినీ పంపారు. ఎలా తిప్పాలో మూత మీద బొమ్మలు చెక్కారు. పాట తెలియనివారికి పాట ఒక్కటే ఇస్తే చాలదు, వినే దారి కూడా చూపాలి.

మన పిల్లల సంగతీ అంతే. ఫోనులో పాటలకు కొదవ లేదు. పరీక్షల పేరుతో సంగీతం పీరియడు తీసేస్తే సూది లేని రికార్డు ఇచ్చినట్టే. ఈ స్వర్ణోత్సవాన మన సంఘం బడికి హార్మోనియం కొనిచ్చి ఊరుకోకుండా, సంగీతం మాస్టారి జీతం కూడా భరించాలని కోరుతున్నాను.