రాయి రెండు పక్షాలకూ ఒక్కటే: ఖండచలన వివాదమూ పారడైమ్ మార్పూ

ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలవడం నాకు దక్కిన గౌరవం. మనం స్మరించుకుంటున్న ఆచార్యులవారి పాండిత్యం గురించీ, ఆయన తీర్చిదిద్దిన శిష్యుల గురించీ నాకు ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను చేర్చేది కొంచెమే. విజ్ఞానశాస్త్ర చరిత్రను తెలుగులో పాఠంగా చెప్పవచ్చునని నమ్మినవారిలో ఆయన ఒకరు. థామస్ కూన్ ప్రతిపాదించిన పారడైమ్ మార్పు భావనను ఎంతో ఇష్టంగా బోధించినవారిలోనూ ఒకరు. మొదటి విషయంలో నాది ఆయన దారే. రెండో విషయంలో కాదు. ఆయన ఉన్నప్పుడూ కాదు. ఆ విభేదాన్ని పక్కనపెట్టి పూలమాల వేసి వెళ్లిపోతే ఆయనను గౌరవించినట్టు కాదని నా అభిప్రాయం. అందుకే ఈ గంటను ఆ తగువుకే వినియోగిస్తాను.

కూన్ 1962లో వెలువరించిన ‘ద స్ట్రక్చర్ ఆఫ్ సైంటిఫిక్ రివల్యూషన్స్’ సారాంశం ఈ సభకు చెప్పనక్కరలేదు. కోపర్నికస్, లవాయిజే, ఐన్‌స్టీన్ ఉదాహరణలు అందరికీ తెలిసినవే. ఆ పుస్తకంలో పారడైమ్ అనే మాట 21 అర్థాల్లో కనిపిస్తుందని మార్గరెట్ మాస్టర్‌మన్ 1970లో లెక్కగట్టిన సంగతీ తెలిసిందే, వాటన్నిటినీ దాటేస్తున్నాను. నా అభ్యంతరం ఒకే చోట ఉంది. పాత పారడైమ్‌లో, అంటే పాత ఆలోచనా చట్రంలో, పనిచేసేవారూ కొత్త చట్రంలో పనిచేసేవారూ ఒక విధంగా వేర్వేరు లోకాల్లో ఉంటారనీ, ఇద్దరికీ ఉమ్మడి కొలమానం ఉండదనీ, ఒక పక్షం విడిచి మరో పక్షంలో చేరడం మతం పుచ్చుకోవడాన్ని పోలి ఉంటుందనీ ఆ పుస్తకం చెబుతుంది. కొత్త సిద్ధాంతం గెలిచేది ప్రత్యర్థులను ఒప్పించడం వల్ల కాదు, వాళ్లు కాలం చేయడం వల్ల అన్న మాక్స్ ప్లాంక్ అభిప్రాయాన్ని కూడా కూన్ ఇందుకు తోడు తెచ్చుకున్నాడు. ఈ రెండూ కలిసి మన తరగతి గదుల్లో ఒక ప్రమాదకరమైన ధోరణికి దారితీశాయి. నిన్నటి శాస్త్రం ఇవాళ తప్పయింది, ఇవాళ్టిది రేపు తప్పవుతుంది, ఇక సాక్ష్యానికి విలువేమిటి అని చదువుకున్నవారే అడుగుతున్నారు.

ఈ వాదాన్ని పరీక్షించడానికి ఖండచలన సిద్ధాంతాన్ని మించిన ఉదాహరణ లేదు. కూన్ అనుయాయులు తమకు అనుకూలమని తరచూ ఎత్తిచూపేది కూడా దీన్నే. ఖండాలు కదిలాయని ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లో ప్రతిపాదించాడు, 1915లో పుస్తకం రాశాడు, 1930లో గ్రీన్‌లాండ్ మంచులో మరణించాడు. 1926 న్యూయార్క్ సదస్సులో ఎక్కువమంది అతని వాదాన్ని తోసిపుచ్చారు. 1960ల చివరికి పలక విరూపణ సిద్ధాంతం రూపంలో దాదాపు భూవిజ్ఞానమంతా దాన్ని అంగీకరించింది. అంతకు 40 ఏళ్ల ముందు హేళనకు గురైన మాట నాలుగైదేళ్లలో పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. పైపైన చూస్తే ఇది కూన్ చెప్పిన విప్లవమే. దీన్ని కోపర్నికస్ విప్లవంతో పోల్చినవారిలో అందులో పాలుపంచుకున్న టుజో విల్సన్ కూడా ఉన్నాడు. కానీ వివాదంలోని సాక్ష్యాలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే కథ మరోలా కనిపిస్తుంది.

మొదట మన నేల మీద ఉన్న సాక్ష్యాన్నే తీసుకుంటాను. 1856లో ఒడిశాలోని తాల్చేరు దగ్గర భూవిజ్ఞానులైన బ్లాన్‌ఫర్డ్ సోదరులూ థియోబాల్డూ ఒక వింత పొరను గమనించారు. మెత్తని ఒండ్రు మట్టి గట్టిపడి ఏర్పడిన రాతిలో పెద్దపెద్ద బండలు ఇరుక్కుని ఉన్నాయి. అంత సన్నని మట్టిని మెల్లగా పేర్చగల నీటికి అంత బండను మోసే శక్తి ఉండదు. మంచు తప్ప మరేదీ వాటిని అక్కడికి చేర్చి ఉండదని వారు అనుమానించారు. తర్వాత 1870లలో చంద్రపూర్ దగ్గర ఇరాయి వద్ద, మన ఆదిలాబాద్ సరిహద్దున పారే పెన్‌గంగ తీరంలో, ఫెడెన్ ఆ అనుమానాన్ని బలపరిచే చోటు చూశాడు. తాల్చేరు బండల పొర కింద సున్నపురాయి నునుపు తేలి ఉంది, దాని మీద సమాంతరంగా గాట్లు ఉన్నాయి. హిమానీనదం తన అడుగున ఇరుక్కున్న రాళ్లతో కిందినేలను గీసుకుంటూ పోతే మిగిలే గుర్తులవి. ఎండాకాలం నిప్పులు చెరిగే చోట సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మంచు పలకలు జరిగాయన్నమాట. ఇదే పొర దక్షిణాఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉంది. దానిపైన గ్లోసాప్టెరిస్ ఆకుల ముద్రలున్న బొగ్గు పొరలూ ఉన్నాయి. గోండుల నేల పేరుమీద మెడ్లికాట్ ఈ రాతి వరుసకు గోండ్వానా అని పేరు పెడితే, దాన్నే 1885లో ఎడ్వర్డ్ స్యూస్ ఒక లుప్త మహాఖండానికి పెట్టాడు.

ఈ గాట్లను రెండు పక్షాలూ ఒకేలా చదివాయి. నా వాదమంతా దీనిమీదే నిలుస్తుంది. ఖండాలు కదలలేదన్న షుకర్ట్, బెయిలీ విల్లిస్ ఇవి మంచు గీతలు కావనలేదు. మహాసముద్రాల్లో మునిగిపోయిన భూవంతెనలూ, దారి మళ్లిన సముద్ర ప్రవాహాలూ కారణమన్నారు. వెగెనర్, అతని మామగారు కొప్పెన్ 1924లో అవే గీతలను ఖండాల కదలికతో వివరించారు. మన దేశంలో బీర్బల్ సాహ్ని 1936లో వృక్షశిలాజాల ఆధారంగా వెగెనర్ సిద్ధాంతాన్ని పరిశీలిస్తూ, ఆసియాలో నేడు ఇరుగుపొరుగున ఉన్న రెండు ప్రాచీన వృక్షజాతి సముదాయాలు అంత భిన్నంగా ఉండాలంటే అవి ఒకప్పుడు దూరంగా ఉండి ఉండాలని ఎత్తిచూపారు. ఆ శిలాజాలు ఉన్నాయని వ్యతిరేకులూ ఒప్పుకున్నారు. ఉమ్మడి కొలమానమే లేకపోతే ఈ వివాదం సాగేదే కాదు; ఎవరి రాళ్లు వారివి అయ్యేవి.

వెగెనర్ ఖండాలను కదిలించే శక్తి ఏదో చెప్పలేకపోయాడు కాబట్టే తోసిపుచ్చారని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఈ వివరణ నిలవదని నవోమి ఒరెస్కస్ 1999లో వెలువడిన పుస్తకంలో విపులంగా నిరూపించింది. ఆమె వాదానికి ఒక ఉదాహరణ చేరుస్తాను. హిమయుగాలు ఉన్నాయని 19వ శతాబ్దంలోనే భూవిజ్ఞానులు ఒప్పుకున్నారు. వాటి రాకపోకలను భూకక్ష్యలోని మార్పులతో ముడిపెట్టే బలమైన ఆధారం హేస్, ఇంబ్రీ, షాకిల్టన్‌ల 1976 వ్యాసంతో వచ్చింది. అంటే కారణం తేలకముందే జరిగినదాన్ని ఒప్పుకోవడం ఆ శాస్త్రానికి అలవాటే. పైగా 1928 నాటికే ఆర్థర్ హోమ్స్ భూగర్భంలోని ఉష్ణ సంవహనాన్ని కారణంగా సూచించాడు. 1967-68లో పలకల సిద్ధాంతాన్ని ఒప్పుకున్నప్పుడు కూడా వాటిని నడిపే బలం మీద ఏకాభిప్రాయం లేదు. ఒరెస్కస్‌తో నాకు పేచీ మరోచోట ఉంది. ఆనాటి అమెరికన్ భూవిజ్ఞానుల పద్ధతీ, అభిరుచీ వ్యతిరేకతకు మూలమని ఆమె అంటుంది. అది సగం నిజం. మిగతా సగం ఎవరు ఏ రాళ్లను కళ్లారా చూశారన్నది. దక్షిణాఫ్రికా భూవిజ్ఞాని అలెగ్జాండర్ డూ టాయ్ దక్షిణ అమెరికాకు వెళ్లి పొరలను ఒక్కొక్కటిగా పోల్చి 1927లో గ్రంథం రాశాడు. ఉత్తరాన ఉన్నవారిలో ఎక్కువమంది ఆ పొరలను ముద్రిత పుటల్లోనే చూశారు.

ఇక్కడ కూన్ పక్షం నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. దక్షిణంవారు ముందు నమ్మి ఉత్తరంవారు తర్వాత నమ్మారంటే చట్రమే చూపును నిర్ణయించిందని కాదా? కాదు. చేతిలో ఉన్న సాక్ష్యం వేరు, చూసే లోకం వేరు. మొదటి తేడా ప్రయాణంతోనో కొలతతోనో తీరుతుంది. అలా తీరింది కూడా. 1950లలో వచ్చిన కొలత ఎలాంటిదంటే, లావా చల్లారేటప్పుడు దానిలోని ఇనుప ఖనిజ కణాలు ఆనాటి భూ అయస్కాంత క్షేత్రం దిశను తమలో నిలుపుకుంటాయి. అయస్కాంత సూది భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా, ధ్రువం దగ్గర నిలువుగా నిలుస్తుంది. 30 డిగ్రీల అక్షాంశం వద్ద సగటున 49 డిగ్రీలు వాలుతుంది. కాబట్టి రాతిలోని వాలును కొలిస్తే ఆ రాయి ఏ అక్షాంశంలో గడ్డకట్టిందో లెక్కకడతారు. అందుకు రాతిని కొండ నుంచి విడదీయకముందే ఉత్తర దిశనూ క్షితిజ రేఖనూ దానిమీద బాణం గుర్తుతో గీయాలి. గీయకుండా విరగ్గొట్టిన రాయి ఎంత చక్కనిదైనా ఈ పనికి రాదు. ఇలా మన దక్కన్ లావా రాళ్లను కొలిచి క్లెగ్, డాయిచ్, గ్రిఫిత్స్ 1956లో ప్రచురించిన ఫలితం ఏమిటంటే, అవి చల్లారినప్పుడు ఈ నేల దక్షిణార్ధగోళంలో ఉంది. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో తవ్వే నల్లరాయి ఆ లావాకే తూర్పు కొస.

మరి 1956లోనే వివాదం ఎందుకు ముగియలేదు? మొండితనమే కారణమని చెప్పేవారున్నారు. అలన్ కాక్స్, రిచర్డ్ డోయెల్ 1960లో రాసిన సమీక్ష చదివితే ఆ మాట అనలేం. రాతిలోని అయస్కాంతత్వం తొలినాటిదేనా, తర్వాత మెరుపులూ వేడీ వల్ల మారిందా? ఆనాటి క్షేత్రం ఇప్పటిలాగే రెండు ధ్రువాలతోనే ఉందా? కదిలింది ఖండమా, ధ్రువమా? ఈ ప్రశ్నలు పరీక్షకు లొంగేవి. రాతిని కొద్దికొద్దిగా వేడిచేసి, లేదా ఏకాంతర అయస్కాంత క్షేత్రంలో ఉంచి, తర్వాత అంటిన అయస్కాంతత్వాన్ని తొలగించే పద్ధతులు వచ్చాక మొదటి సందేహం బలం తగ్గింది. సందేహించిన ఆ కాక్స్, డోయెల్‌లే డాల్రింపుల్‌తో కలిసి, భూ అయస్కాంత క్షేత్రం తలకిందులైన కాలాల పట్టికను పొటాషియం-ఆర్గాన్ పద్ధతితో తేదీలు కట్టి నిర్మించారు. ఆ పట్టికే తర్వాత ఖండచలనానికి బలమైన సాక్ష్యం అయింది. సందేహించినవారు సొంత ప్రశ్నల కోసం కట్టిన లెక్క ప్రత్యర్థుల వాదాన్ని నిలబెట్టింది. ఇద్దరివీ వేర్వేరు లోకాలైతే ఇది ఎలా సాధ్యమో కూన్ అనుయాయులు ఇంతవరకు వివరించలేదు.

దీనికి రెట్టింపు బలమైన ఉదాహరణ ఎల్టానిన్ నౌకది. సముద్రగర్భ పర్వతశ్రేణుల నుంచి కొత్త నేల రెండువైపులకూ విస్తరిస్తోందని హారీ హెస్ 1962లో ప్రతిపాదించాడు. అలా అయితే క్షేత్రం తలకిందులైనప్పుడల్లా శ్రేణికి ఇరువైపులా సమానంగా అయస్కాంత చారలు పడాలని 1963లో వైన్, మాథ్యూస్ అన్నారు. మోర్లీ అదే ఆలోచనతో రాసిన వ్యాసాన్ని పత్రికలు తిప్పిపంపాయి. ఖండచలనాన్ని గట్టిగా వ్యతిరేకించిన మోరిస్ యూయింగ్ నడిపిన లామాంట్ సంస్థలోనే ఆ చారల నమోదు జరిగింది. దక్షిణ పసిఫిక్‌లో ఎల్టానిన్ 19వ యాత్ర తెచ్చిన అయస్కాంత కొలతల గీతను పిట్మన్ పరిశీలించినప్పుడు, శ్రేణికి ఎడమవైపు భాగాన్ని కుడివైపుకు తిప్పి పెట్టినా ఎత్తుపల్లాలు కలిశాయి. ఇంత చక్కగా కుదరడమేమిటని అక్కడే కొందరు అనుమానించారు. పిట్మన్, హైర్ట్‌జ్లర్ 1966 డిసెంబరులో దాన్ని ప్రచురించారు. అదే సంస్థలో ఆప్‌డైక్ సముద్రపు అడుగు నుంచి తీసిన మట్టి కోర్లలో కూడా తలకిందుల క్రమం అదే. నేలమీది లావా, సముద్రపు నేల, సముద్రపు మట్టి మూడూ వేర్వేరు పద్ధతుల్లో ఒకే క్రమాన్ని చూపాయి. హఠాత్తుగా చూపు మారడమంటే ఇదేనని కూన్ పక్షం అంటుంది. చూసినవారికి అది క్షణంలో తట్టి ఉండవచ్చు. కానీ ఆ గీత పాత చట్రంలోని ఓడ మీద, పాత చట్రంలోని పరికరంతో, అంతకు ముందే పడింది.

ప్లాంక్ మాటకు ఇక్కడ చోటు దొరకదు. టుజో విల్సన్ 1908లో పుట్టాడు. 1950ల చివరి వరకు భూమి కుంచించుకుపోవడం వల్లే పర్వతాలు పుట్టాయన్నాడు. 1965లో, 56 ఏళ్ల వయసులో, పలకల సిద్ధాంతానికి కీలకమైన ట్రాన్స్‌ఫార్మ్ భ్రంశాల భావనను అతనే ఇచ్చాడు. మరోవైపు హెరాల్డ్ జెఫ్రీస్ 1989లో మరణించేవరకూ ఒప్పుకోలేదు, కానీ శాస్త్రం అతని కోసం ఆగలేదు. కూన్‌కు ఒక న్యాయం మాత్రం చేయాలి. 1969లో రాసిన అనుబంధంలోనూ, 1973లో సిద్ధాంతాల ఎంపిక మీద చేసిన ప్రసంగంలోనూ అతను కచ్చితత్వం, పొందిక, విస్తృతి వంటి ప్రమాణాలకు చోటిచ్చాడు. అయితే మన దగ్గర బోధించేది ఆ కూన్‌ను కాదు. ప్రతి పరిశీలనలోనూ సిద్ధాంతం కలిసే ఉంటుందన్న హాన్సన్ 1958 నాటి వాదాన్నీ కాదనను. గాటు అన్న మాటలో గీసినదేదో ఉందన్న ఊహ ఉంది నిజమే. కానీ ఆ సున్నపురాయి దగ్గరకు మళ్లీ వెళ్లవచ్చు, వేరే ఊహతో వెళ్లవచ్చు, ఊహ తప్పయితే తెలుస్తుంది.

మళ్లీ వెళ్లే వీలు ఉండాలంటే ఎవరు, ఎక్కడ, ఏం చూశారో నిలిచి ఉండాలి. ప్రస్తుతం నేను చేస్తున్న పని అదే: ప్రాణహిత-గోదావరి లోయ మీద ఇంతవరకు వచ్చిన పరిశీలనల సూచికను తెలుగులో తయారుచేయడం. 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించి, 1881లో ఈ లోయ మీద మెమోయిర్ రాసిన విలియం కింగ్ నుంచి అది మొదలవుతుంది. సింగరేణి గనుల్లో కింగ్ సీమ్ అనే పేరు ఆయనదే. బారపాసారస్ డైనోసార్‌ను వర్ణించిన 1975 నాటి వ్యాసం, కోటాసారస్ డైనోసార్‌ను వర్ణించిన యాదగిరి 1988 నాటి వ్యాసం వరకు మొదటి భాగం నడుస్తుంది. ప్రతి నమోదులో చూసిన చోటు, పొర, పరికరం, చూసినవారి వర్ణన ఒకవైపు ఉంటాయి. దానికి అప్పుడు చెప్పుకున్న అర్థమూ ఇప్పుడు చెప్పుకునే అర్థమూ మరోవైపు. కింగ్ కాలానికి ఖండాలు కదలవు. అయినా అతని పొరల వరుసలో ఎంతో భాగం ఇప్పటికీ వాడుకోదగినదే. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరాన్ని ఎందరో చూస్తారు. అది దొరికిన కోటా పొరల వయసు మీద మాత్రం తగువు తేలలేదు: కొందరు తొలి జురాసిక్ అంటారు, కొందరు ఆ తర్వాతి కాలం అంటారు. రెండు పక్షాలూ వాడుకుంటున్న నమూనాలను ఒకే పట్టికలో పెట్టాను. బొగ్గు కోసం వేసిన బోర్ల కోర్లు ఈ పట్టికకు చాలా అవసరం. బొగ్గు పొర మందం రాసుకోగానే మిగతా రాతితో పని అయిపోయిందనుకుంటే పై పొరల సాక్ష్యం పోతుంది. ఈ సభలో గనుల్లో పనిచేసి విరమించిన భూవిజ్ఞానులు కొందరున్నారు. మీ ఇళ్లలో ఆనాటి ఫీల్డు నోటుబుక్కులు, బోరు లాగ్‌ల ప్రతులు ఉంటే దయచేసి చూపించండి. ఇల్లెందు నుంచి మంథని వరకు ఉన్న ఖాళీలే ముందు నింపాలి.