ఫోటోల ఫోల్డర్ తెరిస్తే కంప్యూటర్ ఆగిపోతోందా?

ఇండియా ట్రిప్పు ఫోటోలు, తమ్ముడి పెళ్ళి, అమ్మమ్మతో గడిపిన ఆఖరి సంక్రాంతి, అన్నీ ఒకే ఫోల్డర్లో పడేసి ఉంచుతాం. ఓ రోజు అది తెరవగానే విండోస్ బిగుసుకుపోతుంది. "ఫార్మాట్ చేసెయ్" అని సలహా ఇచ్చేవాళ్ళకి మన దగ్గర కొదవ లేదు. దయచేసి వినకండి, ఫార్మాట్ చేస్తే ఉన్న ఫోటోలూ పోతాయి.

చాలాసార్లు ఫోటోలకేమీ కాదు. ఫోల్డర్ తెరవగానే విండోస్ అందులోని ఒక్కో ఫైలూ చదివి చిన్న బొమ్మ, అదే థంబ్‌నెయిల్, తయారుచేస్తుంది. వందల్లో ఒక్క ఫోటోనో, వీడియోనో చెడిపోయి ఉన్నా అక్కడ తట్టుకుని పడిపోవచ్చు. కాపీ అవుతుండగానే కెమెరా కార్డు లాగేస్తే అలా చెడిపోతాయి. (మన ఇళ్ళల్లో పిల్లలు చేసే పనే.)

ముందు ఆ బొమ్మలు ఆపాలి. స్టార్ట్ దగ్గర ‘ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్’ అని వెతికి, అందులో వ్యూ కింద ‘ఆల్వేస్ షో ఐకాన్స్, నెవర్ థంబ్‌నెయిల్స్’ అన్నచోట టిక్కు పెట్టండి. ఫోల్డర్ తెరుచుకుంటే వెంటనే మొత్తం వేరే డ్రైవుకి కాపీ చేసుకోండి. దొంగని వెతకడం ఆ తర్వాతే. సగం ఫైళ్ళు కొత్త ఫోల్డర్లోకి జరిపి, టిక్కు తీసి, రెండూ తెరిచి చూడండి. ఏది ఆగిపోతే మళ్ళీ టిక్కు పెట్టి దాన్నే ఇంకో సగం చేయండి. వెయ్యి ఫైళ్ళున్నా పది విడతల్లో దొరికిపోతుంది.

డిస్కు టకటకా కొట్టుకుంటుంటే మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు. కంప్యూటర్ ఆపేసి, డేటా రికవరీ తెలిసినవాళ్ళకి ఇవ్వండి. తిప్పినకొద్దీ ఇంకా చెడుతుంది. సెలవు.