కారు షెడ్డులో అరలు

వంటింటి అటకకు, పడకగది బీరువాకు చూపు శ్రద్ధలో నాలుగవ వంతైనను మనము కారు షెడ్డుకు చూపము. వాడుకకు రానిది, పారవేయుటకు మనసొప్పనిది ప్రతి వస్తువును అక్కడికే చేరును. పాత బ్యాటరీ, సగము మిగిలిన రంగు డబ్బాలు, చెదలమందు, పిల్లల మూడు చక్రాల సైకిలు, అన్నియు నేలమీదనే.

మా యింటను అట్లే ఉండెడిది. ఒకనాడు ఉత్సాహము పుట్టి, ఇల్లు కట్టగా మిగిలిన 4 అడుగుల కడప బండను రెండు కొసలయందు ఇనుప బ్రాకెట్లపై ఆనించి, అర సిద్ధమైనదని సంతోషించితిమి. ఏడాది గడచినది. దానిపై బరువు పెరుగుచునే వచ్చినది. ఒక రాత్రి పెద్ద చప్పుడైనది. పోయి చూడగా బండ నడిమికి విరిగి, బ్యాటరీ క్రింద పడి, ఆమ్లము నేలపై పారుచున్నది. ఆ సాయంకాలమే మా చిన్నవాడు సరిగా ఆ చోట కూర్చుండి గోళీలాడుకొనినాడు. ఆ తలపు వచ్చినపుడెల్ల నేటికిని గుండె జల్లుమనును.

తప్పు బండది కాదు, మాది. రాయి నొక్కుడుకు బాగుగా ఓర్చును గాని సాగుడుకు ఓర్వదు. బరువుకు బండ వంగబోవునపుడు దాని అడుగుభాగము సాగవలసి వచ్చును, సాగలేక పగులును. ముందుగా హెచ్చరిక ఉండదు. చెక్క అట్లు కాదు. మొదట వంగి మనకు తెలియజేయును. పాత ఇండ్లలో కడప బండల అరలు చిరకాలము నిలుచుచున్నవన్న, అవి ప్రక్కలను, వెనుకను గోడలో దిగి ఉండుటయే కారణము.

కనుక అర బలము పలకలో కంటె ఆధారములలో ఉన్నదని గ్రహింపవలెను. అదే బరువుకు, ఆధారముల నడిమి దూరము సగమైనచో పలక వంగుట 8వ వంతునకు తగ్గును. ముక్కాలంగుళపు ప్లైవుడ్డు, 2 అడుగులకొక ఆధారము, సాధారణమైన ఇంటి సామానుకు చాలును. మరమేకు పూతలో గాక ఇటుకలోనికి దిగవలెను. రసమట్టముతో మట్టము చూచుకొనవలెను. బజారులో దొరకు ఇనుప రాకు కొనువారు దాని పైకొసను గోడకు తప్పక బిగింపవలెను. పిల్లలకు అరలు మెట్లవలె కనిపించును.

క్రింది అర నేలకు జానెడెత్తున ఉన్నచో తడి అంటదు, చెద పట్టినను కంటబడును. బరువైనవి క్రింద, తేలికవి పైన ఉంచవలెను. చెదలమందు మాత్రము వచ్చిన సీసాలోనే, తాళమున్న పెట్టెలో, పై అరకు చేరవలెను. పెట్రోలు నిలువ ఉంచనే రాదు. దాని ఆవిరి గాలికంటె బరువై, నేలవెంట ప్రాకి దూరపు నిప్పును అందుకొనును. పాత బ్యాటరీని దాచుటయు అనవసరమే. దానిని వర్తకులు తిరిగి తీసికొను ఏర్పాటు మన దేశమున 2001 నాటి నిబంధనలలోనే వచ్చినది.

మా విరిగిన బండను మేము పారవేయలేదు. ఆ రెండు ముక్కలును ఇప్పుడు రెండు అరలు. ఒక్కొక్కటి 2 అడుగులు, ఒక్కొక్కదానికి రెండేసి బ్రాకెట్లు. వాటిపై తేలికపాటి సామానే ఉంచుచున్నాము. మీ షెడ్డులోని అరలను కూడ ఈ ఆదివారము ఒకసారి క్రిందినుండి వంగి చూడుడు.