కరెంటు పెట్టడమేనా ఫిజియోథెరపీ?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నా వృత్తి గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. పొద్దుట్నుంచి ఈ పందిట్లో నన్ను పలకరించిన వాళ్ళలో సగం మంది మోకాళ్ళ సంగతో, నడుం సంగతో అడిగారు. అదే మాట్లాడతాను.

ఇంటర్ అయ్యాక బి.పి.టి.లో చేరాను. అప్పట్లో ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ళ చదువు. అయినా మా వీధిలో ఇప్పటికీ నేను 'కరెంటు పెట్టే ఆయన'నే. ఆ యంత్రాలు మా దగ్గరా ఉన్నాయి, కాదనను. వాటితో కాసేపు ఉపశమనం కలుగుతుంది. అసలు వైద్యం ఆ తర్వాతే మొదలవుతుంది.

చీరాల వైపు నుంచి ఒక నేత కార్మికుడు వచ్చారు. నలభై దాటిన మనిషి. నడుములో డిస్కు ఉబ్బిందని ఎం.ఆర్.ఐ. రిపోర్టు. వంగొద్దు, బరువెత్తొద్దు, మగ్గం మీద కూర్చోవద్దు అని ఎవరో చెప్పారట. నాలుగు నెలలుగా మగ్గం ఆగిపోయింది. భార్య పక్కింటి వాళ్ళకు కండెలు చుట్టి ఇల్లు నడుపుతోంది. ఆయన నన్ను నొప్పి గురించి అడగలేదు. "మగ్గం అమ్మేయమంటారా సార్?" అని అడిగారు.

ముందు చూడాల్సినవి చూశాను. కాలిలో బలం తగ్గిందా, కూర్చునే చోట తిమ్మిరి ఉందా, మూత్రం మీద అదుపు పోయిందా, జ్వరం గానీ కారణం లేకుండా బరువు తగ్గడం గానీ ఉందా? వీటిలో ఏది ఉన్నా నేను చెయ్యి వెయ్యను, వెంటనే డాక్టరు దగ్గరికి పంపుతాను. ఆయనకు అవేమీ లేవు.

ఇక ఆ రిపోర్టు సంగతి. నడుంనొప్పి లేని 3,110 మంది స్కాన్‌ల వివరాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. ఇరవై ఏళ్ళ వాళ్ళలోనే 30 శాతం మందికి డిస్కు ఉబ్బి ఉంది. ఎనభై ఏళ్ళ వాళ్ళలో 84 శాతం మందికి. వయసుతో తల నెరిసినట్టే ఇదీను. స్కాన్‌లో కనబడిందంతా రోగం కాదు.

మగ్గం మీద ఎలా కూర్చుంటారో చూపించమన్నాను. గుంట మగ్గం కదా, కాళ్ళు కిందికి వేసి, వీపు విల్లులా వంచి, గంటల తరబడి లేవకుండా నేస్తారు. కూర్చునే పీట ఎత్తు పెంచాం. అరగంటకోసారి లేచి నడవాలన్నాం. బెల్టు తీసేశాం. వంగడం, బరువెత్తడం మళ్ళీ నేర్పాం, మొదట ఖాళీ బిందె, తర్వాత సగం నీళ్ళు, ఆ తర్వాత నిండు బిందె. నడుం కంటే భయం వదలడానికే ఎక్కువ రోజులు పట్టింది. మూడు నెలలకు చీర నేశారు. పని ఎక్కువైన రోజుల్లో ఇప్పటికీ నొప్పి వస్తుంది. మగ్గం మాత్రం ఇంట్లోనే ఉంది.

మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందని నడక మానేసిన మాస్టార్లు ఇక్కడ నలుగురైదుగురు కనిపిస్తున్నారు. నడక మానితే తొడ కండరం సన్నబడుతుంది, కీలు మీద భారం ఇంకా పెరుగుతుంది. ఆపరేషన్ తప్పనివాళ్ళు ఉంటారు, వాళ్ళకైనా ముందు ఆ కండరం బలపడాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, రోజూ ఓపిక ఉన్నన్ని సార్లు, అక్కడ మొదలుపెట్టండి. షుగరు ఉండి చెయ్యి పైకి లేవకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించుకోండి. భుజం పట్టేయడం షుగరు వాళ్ళలో ఎక్కువ.

ఒకప్పుడు మాచేత గుంజీళ్ళు తీయించిన మాస్టార్లకే ఇప్పుడు నేను గుంజీళ్ళు చెబుతున్నాను, మన్నించాలి.

భోజనాలయ్యాక పదో తరగతి గదిలో ఉంటాను. రిపోర్టులు తెచ్చినా సరే, ముందు బెంచీ మీంచి ఒకసారి లేచి చూపించాలి.