మహారాణి రైలుపెట్టె

(చిలమకూరు మహిళల సమావేశంలో ఒక అక్క మాట్లాడిన మాటలు)

అక్కలారా! చెల్లెండ్లారా!

మొన్న మేము పదిమంది ఆడవాళ్లం మైసూరుకు పోయినాం. చాముండమ్మను చూసుకున్నాం. తిరుగు రైలుకు ఇంకా టైముంది. స్టేషను దగ్గరే రైలు మ్యూజియం ఉందంటే పోయినాం. మ్యూజియం అంటే పాత వస్తువులను భద్రంగా దాచి, అందరికీ చూపించే చోటు. దీన్ని 1979లో తెరిచినారు.

అక్కడ పాత బొగ్గు ఇంజన్లు ఉన్నాయి. పట్టాల మీద నడిచేటట్లు మార్చిన పాత కారు ఉంది. పిల్లలు ఎక్కే బుల్లి రైలు ఉంది. మేమూ ఎక్కినాం. నవ్వలేక చచ్చినాం.

తరువాత మహారాణి పెట్టె చూసినాం. అది 1899 నాటిది. అందులో వంటగది ఉంది. భోజనాల గది ఉంది. మరుగుదొడ్డి కూడా ఉంది.

మాతో వచ్చిన అవ్వ ఒక మాట అడిగింది. "మామూలు జనం ఎక్కే పెట్టెల్లో దొడ్డి ఉండేదా?"

"లేదవ్వా" అని మా టీచరమ్మ చెప్పింది.

మన ఎర్రగుంట్ల మీదుగా పోయే మద్రాసు–బొంబాయి లైను 1871లో కలిసింది. అప్పటి మూడో తరగతి పెట్టెల్లో దొడ్లు లేవు. రైలు ఆగినప్పుడు దిగి పోవాల. ఆడవాళ్ల అగచాట్లు మీకు వేరే చెప్పాల్నా?

మరి దొడ్లు ఎట్లా వచ్చినాయి? టీచరమ్మే ఆ కథ చెప్పింది.

1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ఆయన రైల్లో పోతున్నాడు. పనసపండు ఎక్కువ తిన్నాడు. కడుపు ఉబ్బింది. అహమద్‌పూర్ స్టేషనులో దిగి దొడ్డికి పోయినాడు. ఇంతలో గార్డు ఈల వేసినాడు. ఒక చేత చెంబు, ఒక చేత పంచె పట్టుకొని ఆయన పరుగెత్తినాడు. అందరి ముందర కింద పడినాడు. రైలు పోయింది.

ఆయన సిగ్గుపడి ఊరుకోలేదు. రైలు ఆఫీసుకు ఉత్తరం రాసినాడు. వచ్చీరాని ఇంగ్లీషు. నిండా తప్పులే. అయినా ఆ ఉత్తరం వల్లనే 50 మైళ్లకు మించి పోయే రైళ్లలో, కింది తరగతి పెట్టెల్లో కూడా దొడ్లు పెట్టినారని చెబుతారు. ఆ ఉత్తరాన్ని ఢిల్లీ రైలు మ్యూజియంలో పెట్టినారు.

ఈ కథ విని నాకు సిగ్గయింది. ఎందుకంటే, మా వీధి కొళాయికి నీళ్లు సరిగా రావు. నాకు రాయను వచ్చు. కానీ తప్పులు పోతాయని భయపడి ఇన్నాళ్లూ అర్జీ రాయలేదు.

ఊరికి వచ్చినాక రాసినాను. పైన తేదీ వేసినాను. ఊరి పేరు, వీధి పేరు రాసినాను. నీళ్లు ఎన్నాళ్ల నుంచి రావడం లేదో రాసినాను. మాకేం కావాల్నో రాసినాను. ఒక నకలు తీసి దాచినాను.

ఇదిగో, ఆ కాగితం. ఇప్పుడు చదువుతాను, వినండి. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుందాం. తరువాత అందరూ సంతకాలు పెట్టండి. వేలిముద్ర వద్దు. మనకు ఇప్పుడు సంతకం వచ్చు గదా!