ఏ పెట్టను ఉంచుకోవాలి? - పెంపుడు జీవాల్లో లక్షణాల ఎంపిక

ఛత్తీస్‌గఢ్‌లో 2007లో ఏర్పడిన బీజాపూర్ జిల్లాలో ఆవపల్లి అనే ఊరుంది. పాత బస్తర్‌లో తెలుగు నేలకు దగ్గరగా ఉండే ప్రాంతం అది. ఇవాళ్టి పాఠానికి తరగతి గదికంటే అక్కడి పెరడే నయమని నాకనిపించింది.

ఆ పెరట్లో పది పెట్టలున్నాయనుకోండి. ఉప్పుకో, మందుకో డబ్బు కావలసివస్తే ముందుగా సంతకు వెళ్ళేది కోడే. పండక్కి కొన్ని పోతాయి. వచ్చే ఏడాదికి తల్లులుగా మిగిలేవి రెండో మూడో. ఏవి మిగలాలో ఆ ఇంటి ఇల్లాలు నిర్ణయిస్తుంది. జన్యుశాస్త్రం దీన్నే 'ఎంపిక' అంటుంది. ఆమెకు ఆ పేరుతో పనిలేదు, అంతే తేడా.

"అన్ని గుణాలూ ఉన్న పెట్టను ఉంచుకుంటే సరిపోదా మాస్టారూ?" అని మీరడగవచ్చు. లెక్కవేసి చూద్దాం. 40 పెట్టల్లో గుడ్లు ఎక్కువ పెట్టే సగాన్ని ఉంచితే 20. వాటిలో బరువులోనూ ముందున్న సగాన్ని తీస్తే 10. పిల్లల్ని బాగా సాకే సగం 5. త్వరగా ఎదగాలి, రంగూ నచ్చాలి అన్నారా, మిగిలేది ఒక్కటే! ఒక్క పెట్టతో మంద నిలబడదు. పైగా ఈ లక్షణాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుని వేసిన లెక్క ఇది. నిజానికి బరువు పెంచుతూ పోతే గుడ్ల సంఖ్య తగ్గే ధోరణి కోళ్ళలో ఉంది. అందుకే ముందుగా తేల్చుకోవలసింది ఏది వదులుకోగలమన్నది.

ఇంకో మాట. మనం ఎంచిన గుణమంతా పిల్లలకు రాదు. సగటు కంటే 200 గ్రాములు ఎక్కువ తూగే పుంజునూ పెట్టల్నీ జతకడితే, పిల్లలు 80 గ్రాములు ఎక్కువ తూగవచ్చు. ఈ 80కీ 200కీ ఉన్న నిష్పత్తి 0.4. దీన్ని అనువంశికత అంటాం. కోళ్ళ బరువుకు ఇది సుమారు ఇంత ఉంటుంది. గుడ్ల సంఖ్యకు తక్కువ, బతికి బట్టకట్టడానికి మరీ తక్కువ. అంటే అవసరమైన గుణాలే నెమ్మదిగా మెరుగవుతాయి. తేలిగ్గా మారేదాన్ని పట్టుకుని ఆనందించడం మనుషుల బలహీనత.

నేనూ అదే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంట్లో కుందేళ్ళు పెంచాను. తెల్లని బొచ్చు, ఎర్రని కళ్ళు, నిటారు చెవులు చూసి తల్లుల్ని ఎంచుకున్నాను. మూడు తరాలకు అందమైన మందే తయారైంది. కానీ ఆడకుందేలు ఈనే ముందు పొట్ట మీది బొచ్చు పీకి పిల్లలకు మెత్తని పక్క వేసుకోవాలి. నా ఆడకుందేళ్ళలో చాలావాటికి ఆ ధ్యాసే లేదు. బోను జల్లెడ మీదే ఈని, పిల్లల్ని చలికి వదిలేశాయి. కుందేలు చూడి దాదాపు 31 రోజులే, కాబట్టి నా తప్పు కూడా తొందరగానే బయటపడింది.

బస్తర్‌కు వద్దాం. అసీల్ జాతికి ఆంధ్రదేశం, ఒడిశాలతోపాటు ఈ ప్రాంతమూ పుట్టిల్లే. పొగరు, దమ్ము, గట్టి ఒళ్ళు చూసి పందెగాళ్ళు తరతరాలుగా దాన్ని ఎంచుతూ వచ్చారు. పందెపు పుంజు తయారైంది, గుడ్లు మాత్రం తక్కువ. ఒక్క గుణానికే పెద్దపీట వేస్తే ఏమవుతుందో దాన్ని చూస్తే తెలుస్తుంది. అయినా పెట్ట పొదగడంలో, పిల్లల్ని కాయడంలో దిట్ట.

దీనికి పక్కన వనరాజాను పెట్టి చూడండి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన సంకరం ఇది. దాని తండ్రి వరసను ఎంచేటప్పుడు శాస్త్రవేత్తలు చూసింది ఆరు వారాల వయసులో కాలి పొడవు! కాలు పొడవైతే గద్ద వచ్చినా, అడవిపిల్లి వచ్చినా పరుగెత్తి తప్పించుకుంటుంది. కాలితోపాటు బరువూ కొంత పెరుగుతుంది. తెల్లకోడిలా దూరానికి కొట్టొచ్చినట్టు కనపడకుండా రంగు ఈకలు. పెరట్లో ఏడాదికి సుమారు 100 గుడ్లు. ఎంత తెలివైన ఎంపికో చూశారా?

అయితే వనరాజా పెట్ట సాధారణంగా పొదుగుకు కూర్చోదు. పొదిగే 21 రోజులూ, పిల్లలు ఎదిగేదాకా కోడి గుడ్డు పెట్టదు కనుక, ఎక్కువ గుడ్ల కోసం ఎంచుతూ పోతే పొదిగే గుణం పోతుంది. కరెంటూ పొదుగు యంత్రమూ ఉన్నచోట అది నష్టమే కాదు. అడవి అంచు ఇంట్లో మాత్రం పొదిగే పెట్టే పొదుగు యంత్రం. ఆ గుడ్లను నాటుపెట్ట కింద పెట్టి పిల్లల్ని లేపవచ్చు. కానీ వనరాజా సంకరం కాబట్టి దాని పిల్లలన్నీ తల్లిలా ఉండవు.

మరి ఆ ఇల్లాలికి నేనిచ్చే సలహా? అయిదు గుణాలు కొలవడం మానేసి ఒక్క అంకె చూడమంటాను: ఒక్కో పెట్టకు ఏడాదిలో రెండు నెలల వయసు దాటి బతికిన పిల్లలెన్ని? గుడ్లు, పొదుగు, సాకడం, గద్దను పసిగట్టడం అన్నీ అందులోనే ఉన్నాయి. అందులో సమానంగా ఉన్నవాటి మధ్య బరువు చూడాలి. రంగు చివర. అది కూడా కొట్టిపారేసేది కాదు, కొన్ని మొక్కులకు ఫలానా రంగు కోడే కావాలి. పుంజు గుడ్డు పెట్టదు కనుక, దాన్ని దాని తల్లి లెక్క చూసి ఎంచాలి. సగం జన్యువులు దానివే, అదీ మందలోని పిల్లలన్నిటికీ.

కొక్కెర తెగులు వచ్చిన ఏడాది ఈ అంకె పనికిరాదు, టీకా వేసిన మందలోనే నమ్మండి.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో నాటుకోళ్ళుంటే ఈ నెల నుంచి లెక్క మొదలుపెట్టండి. ఏ పెట్ట కింద ఎన్ని గుడ్లు పెట్టారు, ఎన్ని లేచాయి, రెండు నెలలకు ఎన్ని మిగిలాయి. పుస్తకం లేకపోతే గోడమీద బొగ్గుతో గీసినా చాలు. వచ్చే పాఠానికి ఆ అంకెలు తీసుకురండి, ఒకే పుంజును ఎన్నేళ్ళు ఉంచవచ్చో వాటితోనే మాట్లాడుకుందాం.