దస్తర్‌ఖాన్ మీద ఆకుకూరకూ చోటివ్వండి
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను, హకీంనూ కాను. ఉర్దూ మీడియం స్కూల్లో పాఠాలు చెప్పుకునే వాణ్ణి. "మా వాడికి మాటిమాటికీ జలుబు చేస్తోంది మాస్టర్ సాబ్, ఒంట్లో తాకత్ రావాలంటే ఏం పెట్టాలి?" అని తల్లులు నన్ను అడుగుతుంటారు. దానికి జవాబే ఈ నాలుగు మాటలు.

మన ఒంట్లో రోగాలతో పోరాడే కణాలు ఎన్నో పేగుల దగ్గర కాపలా కాస్తుంటాయి. తిన్న ముద్దతో పాటు సూక్ష్మజీవులు లోపలికి పోయేది ఆ దారినే గదా! ఈ కావలివాళ్ళకు రెండు పనులు. శత్రువును పట్టుకోవాలి, సొంత ఇంటివాళ్ళ జోలికి పోకూడదు. ఈ రెండో పని చెడితే కొన్ని రకాల కీళ్ళవాతం వంటి జబ్బులు పుడతాయి. కనుక బలం ఒక్కటే చాలదు, అదుపు కూడా ఉండాలి.

ఈ రెండింటికీ కూరగాయలు సాయపడతాయి. 2011లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ఎలుకలకు కూరగాయల్లోని పదార్థాలు లేని మేత పెట్టి చూశారు. రెండు మూడు వారాల్లోనే వాటి పేగుల్లోని కాపలా కణాలు చాలా భాగం తగ్గిపోయాయి. క్యాబేజీ జాతి కూరల నుంచి వచ్చే ఒక పదార్థాన్ని మేతలో కలిపితే ఆ నష్టం జరగలేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి అన్నీ ఆ జాతివే. అయితే మరీ మెత్తగా ఉడికిస్తే ఆ గుణం తగ్గిపోతుంది.

ఇక పీచు సంగతి. పప్పుల్లో, ఆకుకూరల్లో ఉండే పీచు మనకు అరగదు. పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు దాన్ని తిని బ్యుటిరేట్ అనే ఆమ్లాన్ని తయారు చేస్తాయి. ఇది కావలివాళ్ళను అదుపులో ఉంచే కణాలను పెంచుతుందని 2013లో ఎలుకల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. తోటకూర, మునగాకు, క్యారెట్‌లలోని కెరోటిన్ మన ఒంట్లో విటమిన్ ఎ గా మారి, పేగుల, ఊపిరితిత్తుల లోపలి పొరను కాపాడుతుంది. కాస్త నూనెతో వండితేనే అది ఒంటికి పడుతుంది.

"ఇంత వంట ఎందుకు, మాత్ర వేసుకుంటే పోలా?" అనవచ్చు. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవాళ్ళపై పరీక్ష జరిపారు. కెరోటిన్ మాత్రలు మింగిన వారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో ప్రకటించారు. కూరలో ఉన్నప్పుడు మేలు చేసేది, మాత్రలో పోగేసి మింగితే మేలే చేస్తుందని నమ్మకం లేదు.

ఇప్పుడు మనసుకు కష్టమైన మాట ఒకటి. మనకు కలోంజీ అంటే గౌరవం, పసుపు అంటే నమ్మకం. ఉండాల్సిందే. కాని పసుపులోని కర్కుమిన్ పరీక్షనాళికలో ఎన్ని గుణాలు చూపినా, తిన్నప్పుడు రక్తంలోకి చేరేది బహు స్వల్పం. నాకు తెలిసిన ఒకాయనకు టి.బి. వచ్చింది. రెండు నెలల మాత్రలతో దగ్గు తగ్గింది. "ఇక కలోంజీ, తేనె చాలు" అని మాత్రలు మానేశాడు. జబ్బు తిరగబెట్టింది, ఈసారి పాత మందులకు లొంగలేదు. ఆయన కొడుకు నా క్లాసులో తెలివైన పిల్లవాడు. బడి మాని మెకానిక్ షెడ్డులో చేరాడు. ఆ ఖాళీ బెంచీ నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

చికిత్స చేయించుకోమని మన ప్రవక్త (స) గారే చెప్పారు. ఆహారం ఆహారమే, మందు మందే. టి.బి. మందు డాక్టరు చెప్పిన చివరి రోజు వరకూ వాడాలి. పిల్లలకు టీకాలు వేయించాలి.

అమ్మలారా, అక్కలారా! దావత్ రోజున బిర్యానీ వండండి, కాదనను. మిగిలిన రోజుల్లో పాలకూర దాల్, గోంగూర, మెంతికూర ఏదో ఒకటి దస్తర్‌ఖాన్ మీదికి రానివ్వండి. పిల్లవాడు కూర పక్కకు నెట్టేస్తే కోప్పడకండి. ముందు నాన్నను తినమనండి. నాన్నను చూసి వాడూ తింటాడు.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.